నాణెం పైకి తీసే ముందు

చిరంజీవి అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

పురావస్తు తవ్వకాల్లో ఒక ట్రెంచ్, అంటే కొలిచి తవ్వే కందకం, బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను.

మట్టిలో ఏదైనా కనబడితే చెయ్యి ఊరుకోదు. ఆపుకో. సీసపు నాణెం బరువు, కొలత, దాని మీది ఏనుగు బొమ్మ, అక్షరాలు తర్వాత ఆఫీసులో కూర్చుని కూడా రాసుకోవచ్చు. అది ఏ మట్టి పొరలో ఉంది, పక్కన పూసలున్నాయా, బొగ్గు ఉందా అన్నది మాత్రం తీసిన మరుక్షణం పోతుంది. కుండలో పది నాణేలతో కలిసి ఉంటే ఎవరో దాచుకున్న సొమ్ము. ఇంటి నేల మీద ఒక్కటే ఉంటే ఎవరి చేతి నుంచో జారిపడి ఉంటుంది.

గోతుల దగ్గర మరీ జాగ్రత్త. పై పొర నుంచి ఎప్పుడో తవ్విన గోతిలోకి తర్వాతి కాలపు వస్తువు జారి, పాత పొర లోతులో కూర్చుంటుంది. గోతి మట్టి రంగు కాస్త తేడాగా ఉంటుంది, తాపీకి మెత్తగా తగులుతుంది. అనుమానం వస్తే కాసిని నీళ్లు చిలకరించు, అంచు తేలుతుంది.

అమరావతి బౌద్ధ స్తూపం సంగతి తలచుకుంటే నాకిప్పటికీ బాధే. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ చూసేసరికే ఆ స్తూపం దిబ్బను రాళ్ల కోసం తవ్వేస్తున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తీయించిన శిల్ప ఫలకాలు మద్రాసుకి, అక్కణ్నుంచి లండన్‌కి చేరాయి. వాటిలో చాలావాటి విషయంలో, ఏది ఎక్కడ ఉండేదో ఇక తెలియదు. ఇలియట్‌కి ముందే మెకంజీ మళ్లీ వచ్చి గీయించిన బొమ్మలే కొంత దిక్కు. అక్కడి శిల్పాల్లో ఖాళీ ఆసనం చూశావుగా, చుట్టూ జనం చేతులు జోడించి ఉన్నారు కాబట్టే అక్కడ బుద్ధుడున్నాడని చదవగలుగుతున్నాం. ఆసనం ముక్క ఒక్కటే దొరికి ఉంటే ఏ రాజుగారి పీటో అనుకునేవాళ్లం.

అందుకని ముందు ఫొటో, పక్కన స్కేలు, ఉత్తర దిక్కు బాణం. తర్వాత ట్రెంచ్ రెండు అంచుల నుంచి దూరం, లోతు. బ్యాగు లోపలొక చీటీ, బయటొక చీటీ. పెన్సిల్‌తోనే రాయి, తడి తగిలితే ఇంకు చెదిరిపోతుంది. పొర నంబరు లేకుండా ఒక్క కుండపెంకు కూడా పెట్టెలోకి పోనివ్వకు.

కూలీల్లో ఎవరైనా వస్తువు తీసి నీ చేతికిస్తే కోప్పడకు, రేపు దొరికినా చెప్పరు. దొరికిన చోటు వెంటనే చూపించమను. కదపకుండా నిన్ను పిలిచినవాళ్లను మాత్రం అందరి ముందూ మెచ్చుకో.

ఎండలో తలగుడ్డ మర్చిపోకు. ట్రెంచ్ డైరీ మొదటి పేజీలు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను.

మామయ్య