దవడ నొప్పికి ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారన్న ప్రశ్నకు

ఒకరు పళ్లు అరగదీయాలన్నారు, ఒకరు రాత్రి పళ్లకు తొడుగు పెట్టుకోమన్నారు, మరొకరు ఏమీ లేదని పంపేశారు అని రాశారు. నాకు ఆశ్చర్యం కలగలేదు. దంతవైద్య చదువులో సింహభాగం పళ్లకూ చిగుళ్లకూ పోతుంది, దవడ కీలుకు దక్కేది తక్కువ. నోరు, ముఖం నొప్పులను అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ప్రత్యేక విభాగంగా గుర్తించిందే 2020లో.

ముందు ఒక్క మాట: పళ్లు అరగదీయించుకోకండి. పోయిన పింగాణీ పొర తిరిగి రాదు. పళ్లు సరిగా కలవకపోవడమే ఈ నొప్పికి మూలమన్నది పాత నమ్మకం, దానికి గట్టి ఆధారం దొరకలేదు. చాలామందికి బాధ కీలులో కాదు, నమిలే కండరాల్లో ఉంటుంది.

ఈ నొప్పి గురించి బాగా తెలిసిన డాక్టరును గుర్తుపట్టడం కష్టం కాదు. చెంప, కణత కండరాలను వేళ్లతో నొక్కి, ‘మీరు చెప్పే నొప్పి ఇదేనా?’ అని అడుగుతారు. నోరు ఎంత తెరుచుకుంటుందో స్కేలుతో కొలుస్తారు (పెద్దవారికి సాధారణంగా 40 మిల్లీమీటర్లు, ఆపైన). నిద్ర, తలనొప్పి, పళ్లు బిగించే అలవాటు గురించి ఆరా తీస్తారు. ఇవేవీ చేయకుండా నేరుగా ఎక్స్‌రే చూసి తీర్పు చెబితే నేనైతే లేచి వచ్చేస్తాను.

తొడుగు వాడి చూడవచ్చు, కానీ పళ్ల వరుస మొత్తాన్ని కప్పేదే తీసుకోండి. కొన్ని పళ్లకే తొడిగేవి దీర్ఘకాలం వాడితే మిగతా పళ్లు కదిలే ప్రమాదం ఉంది. ఈలోగా మెత్తని ఆహారం, వేడి కాపడం. నమిలేటప్పుడు తప్ప పైపళ్లు కిందిపళ్లను తాకకూడదు, పగలంతా దీన్ని గమనించుకోండి.

దవడలో వచ్చే నొప్పి లేని టకటక శబ్దానికి చికిత్స అక్కర్లేదు. నోరు హఠాత్తుగా బిగుసుకుపోతే మాత్రం ఆలస్యం చేయకుండా దవడ శస్త్రవైద్యుణ్ణి కలవండి.