లాభం వచ్చే బ్లాగు టాపిక్ ఎలా ఎంచుకోవాలి? మూడు బ్లాగులు రాసిన అనుభవంతో నా జవాబు

డిగ్రీ అయిపోయింది, బ్లాగు మొదలుపెడదామనుకుంటున్నాను, ఫైనాన్స్, హెల్త్, జాబ్స్... ఈ మూడింట్లో దేనికి డబ్బులు ఎక్కువ వస్తాయి అని మీరు అడిగారు. మధ్యలో ఇంకో మాట కూడా రాశారు. నాన్నగారికి బోరు మోటార్ల రిపేరు షాపు ఉందని, రోజూ సాయంత్రం కాసేపు అక్కడ కూర్చుంటానని. నాకు మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే అనిపించింది. దాని దగ్గరికి వస్తాను. ముందు నా సంగతి చెప్పాలి. మీరు రాసిన మూడింట్లో రెండు నేను రాసి చూశాను.

మాది తెనాలి. ఇంట్లో జాకెట్లు కుడతాను. 2019 జూలైలో గ్రామ, వార్డు సచివాలయాల నోటిఫికేషన్ వచ్చింది. 1.26 లక్షలకు పైగా పోస్టులు. మా వీధిలో చదువుకున్న పిల్లలందరి నోటా అదే మాట. ఇంతమంది వెతుకుతున్నారు కదా అని జాబ్స్ బ్లాగు పెట్టాను. రాత్రి జాకెట్ల పని ముగించుకుని పదకొండింటికి కూర్చుని సిలబస్, అర్హతలు, చివరి తేదీలు రాసేదాన్ని. సెప్టెంబర్‌లో పరీక్షలు అయ్యేదాకా జనం బాగానే వచ్చారు. అవగానే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. తర్వాతి నోటిఫికేషన్ నేను చదివి రాసేలోపు పెద్ద సైట్లలో వచ్చేసేది. వాళ్ళకి పదిమంది పనిచేస్తారు, నేను ఒక్కదాన్ని. బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్‌కి పెట్టుకుంటే 'తక్కువ విలువ ఉన్న కంటెంట్' అని తిప్పి పంపారు. ఆలోచిస్తే నిజమే. ప్రభుత్వం ఇచ్చిన పీడీఎఫ్‌లో లేనిది నా పేజీలో ఒక్క ముక్క లేదు.

తర్వాత వంటింటి చిట్కాలతో హెల్త్ బ్లాగు. దాని గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మెంతులు షుగర్‌కి మంచివని అక్కడా ఇక్కడా చదివి ఒక పోస్టు రాశాను. కింద ఒకమ్మాయి అడిగింది, 'అక్కా, మా అమ్మ మీ పోస్టు చూసి మాత్ర మానేసి మెంతులు మొదలుపెట్టింది, ఎన్నాళ్ళకి తగ్గుతుంది' అని. నా చేతులు చల్లబడిపోయాయి. వెంటనే మాత్ర మానొద్దని, డాక్టర్‌ని కలవమని జవాబు రాసి, ఆ రాత్రే నలభై పోస్టులూ తీసేశాను. ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాల్లో రాసేవాళ్ళకి తగిన అర్హత, అనుభవం ఉన్నాయా అని గూగుల్ మిగతా వాటికంటే గట్టిగా చూస్తుందని తర్వాత తెలిసింది. గూగుల్ సంగతి పక్కన పెట్టండి. మనకి తెలియని విషయంలో ఇంకొకరి ఒంటి మీద ప్రయోగం చేయకూడదు. ఫైనాన్స్ కూడా అంతే. డబ్బులు తీసుకుని ఫలానా షేరు కొనండని సలహా ఇవ్వాలంటే షేర్ మార్కెట్‌ని చూసుకునే ప్రభుత్వ సంస్థ సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. మీకు అందులో చదువో ఉద్యోగమో ఉంటే రాయండి, లేకపోతే దాని జోలికి వెళ్ళొద్దని నా సలహా.

మూడోది కుట్టుపని బ్లాగు, 2020 లాక్‌డౌన్‌లో పుట్టింది. మాస్కులు కుడుతుంటే మిషన్ మొరాయించింది. కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా పడిపోతోంది. మెకానిక్ రాలేడు. మా అత్తగారు పాతకాలం నుంచి కుట్టిన మనిషి, ఆవిడ ఒక ఉపాయం చెప్పారు. పైన ఎర్ర దారం, బాబిన్‌లో (కింది దారం చుట్టే చిన్న చక్రం) తెల్ల దారం వేసి కుట్టి చూడమన్నారు. గుడ్డ తిరగేస్తే అడుగున ఉచ్చులన్నీ ఎర్రగా ఉన్నాయి. అంటే అప్పటిదాకా నేను బాబిన్‌ని తిడుతున్నాను గానీ, తప్పు పై దారంలో ఉంది. గుడ్డని నొక్కి పట్టే పాదం దించి ఉంచి దారం ఎక్కించడంతో అది, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి వెళ్ళలేదు. పాదం ఎత్తితే ఆ బిళ్ళలు వదులవుతాయి, అప్పుడు దారం సరిగ్గా కూర్చుంటుంది. మళ్ళీ ఎక్కించాను, కుట్టు శుభ్రంగా పడింది. ఆ ఎర్ర ఉచ్చుల్ని ఫోన్‌తో ఫొటో తీసి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టాను.

నేను రాసిన వాటన్నింట్లో ఇవాళ్టికీ రోజూ మనుషుల్ని తీసుకొచ్చేది ఆ పోస్టే. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. దాన్ని వెతికే మనిషి మిషన్ ముందు కూర్చుని ఉంటుంది. ఇవ్వాల్సిన జాకెట్ సగంలో ఉంటుంది. ఆమెకి జవాబు ఇప్పుడే కావాలి. జవాబు దొరికాక కొత్త సూదులో, నూనో, బాబిన్ కేసో, ఒక్కోసారి కొత్త మిషనో కొంటుంది. లాభం ఉన్న టాపిక్ అంటే నా లెక్కలో ఇది. వచ్చే మనిషికి పని మధ్యలో ఆగిపోయి ఉండాలి, ఆ పని ముందుకు కదలాలంటే ఏదో ఒకటి కొనాల్సి ఉండాలి, ఆ సమస్యని మీరు చేత్తో ముట్టుకుని చూసి ఉండాలి. మూడూ ఉంటే ఎంత చిన్న టాపిక్ అయినా పర్వాలేదు.

డబ్బు లెక్క కూడా చెప్తాను, అడిగింది అదే కాబట్టి. యాడ్‌సెన్స్ తెలుగుకి 2018లో వచ్చింది. ఖాతాలో 10 డాలర్లు చేరాక ఇంటికి పోస్టులో పిన్ వస్తుంది, 100 డాలర్లు చేరాకే బ్యాంకులో వేస్తారు. నాకు ఆ మొదటి వంద చేరడానికి ఏడాది పైనే పట్టింది. పేజీలో ప్రకటన చోటు వేలంలో అమ్ముడవుతుంది. జాబ్స్ పేజీకి వచ్చే కుర్రాడి చేతిలో డబ్బు లేదు, అతని కోసం గట్టిగా పాడుకునేవాళ్ళు తక్కువ. మిషన్ కొనబోయే ఆమె కోసం మిషన్లు అమ్మేవాళ్ళు పాడుకుంటారు. తెలుగు పేజీలకి ఇంగ్లీషు వాటికంటే తక్కువే వస్తుంది, అది ముందే తెలుసుకుని దిగండి.

అమెజాన్ లింకులు కూడా పెట్టాను. లింకు నొక్కిన 24 గంటల్లో కొన్నవాటికే కమిషన్. సూదులు, కత్తెరలు, కొలతల టేపులు కొంటారు, వాటి మీద వచ్చేది చిల్లర. పెద్ద మిషన్ మాత్రం మనవాళ్ళు షాపుకి వెళ్ళి తొక్కి చూసుకుని గానీ కొనరు. నాకు చెప్పుకోదగ్గ ఆదాయం వచ్చింది జాకెట్ కటింగ్ కాగితాలు అమ్మడం మీద, ఆదివారం పూట ఆన్‌లైన్ క్లాసుల మీద. ఆ క్లాసులకి వచ్చినవాళ్ళంతా ముందు ఏదో రిపేరు పోస్టు చదివి నన్ను నమ్మినవాళ్ళే.

ఇక్కడ ఒక జాగ్రత్త. 2023 సెప్టెంబర్ 17న చేతివృత్తులవాళ్ళ కోసం పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. అందులో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్ల కోసం 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి అప్పు. దాంతోపాటే 'ఉచిత కుట్టు మిషన్, వెంటనే అప్లై చేయండి' అని లేనిపోనివి వాట్సాప్‌లో తిరిగాయి. అలాంటి హెడ్డింగ్ ఒకటి పెడితే చాలు, జనం విరగబడి వచ్చేవారు. చాలామంది పెట్టారు కూడా. నేను పథకంలో ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ 15,000తో ఏ మిషన్ కొనుక్కోవచ్చు, తొక్కినప్పుడే తిరిగే సర్వో మోటారుకీ, ఆన్ చేసినంతసేపూ తిరుగుతూనే ఉండే క్లచ్ మోటారుకీ కరెంటు బిల్లులో తేడా ఎందుకు వస్తుంది అని ఇంకో పోస్టు రాశాను. పథకం పోస్టు నాలుగు నెలలు కళకళలాడి పడిపోయింది. మోటారు పోస్టు ఇప్పటికీ చదువుతున్నారు. ఊపులో వచ్చే టాపిక్ మీద బ్లాగంతా కట్టకండి.

ఇంకోటి వీడియోల సంగతి. మనవాళ్ళు ఏదైనా ముందు యూట్యూబ్‌లో చూస్తారు. మరి బ్లాగెందుకు చదువుతారు? కత్తిరించే తీరు వీడియోలోనే బాగా అర్థమవుతుంది, దానితో నేను పోటీపడను. కానీ 34, 36, 38 చుట్టుకొలతలకి చంక లోతు ఎంత, మెడ వెడల్పు ఎంత అనేది గుడ్డ ముందు పెట్టుకుని పదిసార్లు తిరగేసి చూసుకోవాలి. ఆ పట్టిక వీడియోలో ఆపి ఆపి చూడటం నరకం. అది మీ పేజీలో ఉంటే ఫోన్‌లో దాచుకుంటారు. మీ టాపిక్‌లో ఇలాంటి పట్టికలు, కొలతలు, ధరలు, బొమ్మలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఏమీ లేకపోతే బ్లాగు బదులు ఛానెల్ పెట్టుకోవడం మేలు.

వెతికే తీరు కూడా తెలుసుకోవాలి. నేను మొదట్లో 'రవిక కత్తిరింపు విధానం' అని హెడ్డింగులు పెట్టేదాన్ని, ఎవరూ రాలేదు. మనవాళ్ళు 'బ్లౌజ్ కటింగ్ తెలుగులో' అని, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, లేకపోతే మైకు నొక్కి అడుగుతారు. బ్లాగు ఉన్నవాళ్ళకి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిస్తే ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో కనిపిస్తుంది. వాళ్ళ మాటే మీ హెడ్డింగు కావాలి. టాపిక్‌కి సీజన్ కూడా ఉంటుంది. మూఢంలో నా బ్లాగు పడుకుంటుంది, శ్రావణం వస్తోందంటే లేస్తుంది. మొదటి ఏడాది ఇది తెలియక ఎంత టెన్షన్ పడ్డానో.

ఇప్పుడు మీ నాన్నగారి షాపు. నాకు ఆ పని తెలియదు, కానీ మా ఇంట్లో బోరు ఉంది, ఎండాకాలంలో మా వారు మెకానిక్‌కి ఎన్ని ఫోన్లు చేస్తారో తెలుసు. మోటారు తిరుగుతోంది, నీళ్ళు రావడం లేదు. నీటి మట్టం పంపు కిందికి పడిపోయిందా, పైపు ఎక్కడైనా లీకవుతోందా, త్రీ ఫేజ్ అయితే వైర్లు తారుమారై తిరగాల్సిన వైపు తిరగడం లేదా? స్టార్టర్ బాక్సులో కెపాసిటర్ పోయిందని ఎలా తెలుసుకోవాలి? 300 అడుగుల బోరుకి ఎన్ని స్టేజీల పంపు దించాలి? వీటిలో ప్రతి ప్రశ్నా అడిగేవాడి ఇంట్లో బిందె ఖాళీగా ఉంటుంది, లేదా పొలం ఎండిపోతూ ఉంటుంది. జవాబు తర్వాత కొనేది కెపాసిటరో కేబులో మోటారో. దీన్ని వదిలేసి లక్షమంది రాసే ఫైనాన్స్‌కి వెళ్తానంటే నాకు నిజంగా బాధగా ఉంది.

కరెంటు పని కాబట్టి ఒక్క మాట. చదివేవాడు బాక్సు తెరిచి చెయ్యి పెట్టే చోట మీ సొంత తెలివితో రాయకండి. మెయిన్ ఆపమని మొదటి వాక్యంలోనే చెప్పండి, నాన్నగారికి చదివి వినిపించాకే పెట్టండి.

డొమైన్ (బ్లాగు అడ్రసు పేరు) ఇప్పుడే కొనొద్దు. వారం రోజులు షాపులో కౌంటర్ దగ్గర నోటుబుక్ పెట్టుకుని, వచ్చిన ప్రతి ఫోన్‌కాల్‌లో మొదటి వాక్యం వాళ్ళన్నది అన్నట్టే రాసుకోండి. పక్కన నాన్నగారు ఏం చెప్పారు, చివరికి వాళ్ళు ఏం కొన్నారు అనేది కూడా. ముప్పై ప్రశ్నలు వస్తే మీ దగ్గర టాపిక్ ఉన్నట్టే. ఆ లిస్టు ఇక్కడే కింద పెట్టండి, దేన్ని ముందు రాయాలో నాకు తోచింది చెప్తాను.