వానమేకర్ అంగడి చరిత్ర

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉంటున్నాడు. ఆ నగరం నడిబొడ్డున ఉన్న వానమేకర్ అనే పాత దుకాణం మూతపడిందని, ఊరివాళ్లు చాలా బాధపడ్డారని ఫోనులో చెప్పాడు. ఒక దుకాణానికి అంత చరిత్ర ఏముంటుంది? నిజాం కాలంలో మన దగ్గర అటువంటిది ఉండేదా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. 2025 మార్చిలో మూతపడేనాటికి అక్కడ నడుస్తున్నది మేసీస్ అనే దుకాణాల సంస్థ శాఖ. వానమేకర్ కుటుంబం 1978లోనే వ్యాపారాన్ని అమ్మివేసింది. అయినా ఆ భవనాన్ని ఊరివాళ్లు పాత పేరుతోనే పిలుచుకుంటారు.

జాన్ వానమేకర్ 1861లో బావమరిదితో కలిసి మగవారి దుస్తుల దుకాణం తెరిచాడు. 1876లో, అమెరికా స్వాతంత్ర్యానికి నూరేళ్లు నిండినందుకు అదే నగరంలో మహా ప్రదర్శన జరిగిన ఏడాది, రైల్వేవారు వదిలేసిన సరుకుల షెడ్డును కొని దాన్ని విశాలమైన అంగడిగా మార్చాడు.

అందరూ భవన వైభవాన్నే వర్ణిస్తారు గానీ, నా దృష్టిలో ఆ అంగడి అసలు గొప్పతనం సరుకుకు కట్టిన ధర చీటీలో ఉంది. కొనేవాడి వాలకాన్ని, అవసరాన్ని చూసి ధర చెప్పడం ఆ రోజుల్లో అక్కడా మామూలే. మన క్లాక్ టవర్ బజారులో గట్టిగా బేరమాడగలిగినవారికి అది ముచ్చటగానే ఉంటుంది, కానీ పల్లె నుంచి వచ్చి నోరు విప్పడానికి జంకే మనిషి ప్రతిసారీ నష్టపోతాడు. ధర అందరికీ ఒకటేనని, నచ్చకపోతే సరుకు తిరిగి ఇచ్చి డబ్బు వాపసు తీసుకోవచ్చని వానమేకర్ పత్రికల్లో బాహాటంగా ప్రకటించాడు. ఈ పద్ధతిని ఆయనే కనిపెట్టాడనడం సరికాదు. న్యూయార్క్‌లో స్టూవర్ట్ అనే వర్తకుడు, పారిస్‌లో బోన్ మార్షే దుకాణం యజమాని బూసికో అంతకుముందే నిర్ణీత ధరకు అమ్మారు. దాన్ని జనం నమ్మేలా చాటిన ఘనత మాత్రం ఆయనదే.

ఇప్పుడున్న పన్నెండు అంతస్తుల భవనానికి డేనియల్ బర్నమ్ రూపకల్పన చేయగా, 1911 డిసెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ దాన్ని ప్రారంభించాడు. 1904 నాటి సెయింట్ లూయీ ప్రదర్శన కోసం తయారైన గొట్టాలలోకి గాలి పంపి మోగించే భారీ ఆర్గాన్ వాద్యాన్ని పదమూడు గూడ్సు వ్యాగన్లలో తెప్పించి మధ్య హాలులో నిలిపారు. పెంచుకుంటూ పోగా దానికి ఇప్పుడు 28,000కు పైగా గొట్టాలున్నాయి. అంగడి మూతపడేదాకా, ఏమీ కొనకపోయినా ఎవరైనా నిలబడి ఆ సంగీతం వినగలిగేవారు. అదే ప్రదర్శన నుంచి తెచ్చిన కంచు గద్ద బొమ్మ దగ్గర కలుసుకోవడం తరతరాలుగా ఊరి అలవాటుగా ఉండేది. వాళ్ల బాధకు కారణం అర్థమవుతూనే ఉంది కదా!

ఇక మన సంగతి. మీ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా యూదుడు ఆ నిజాం దుస్తుల వ్యవహారం చూసేవాడు. హైదరాబాద్‌లో అతను నడిపిన దుకాణం పేరే నేటి ఆబిడ్స్‌కు వచ్చింది. తర్వాత ఆ స్థలంలో ప్యాలెస్ టాకీస్ వెలిసింది. అంతస్తులలో, విస్తీర్ణంలో వానమేకర్‌తో పోల్చదగినది కాకపోయినా, ఒక దుకాణం పేరు నగరంలోని పేటకు నిలిచిపోవడం చిన్న విషయం కాదు. ఆబిద్ కనిపెట్టుకుని ఉన్న ఆ నిజాం దుస్తుల అలమారాల పొడవైన వరుసను పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో మీరు ఇప్పటికీ చూడవచ్చు.