ఫ్యూజు ఎక్కడుందన్నదే మీ కేసు

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాను. నా ఫోర్‌బైఫోర్ జీపు డిక్కీలో టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను సికింద్రాబాద్‌లోని ఒక యాక్సెసరీస్ షాపులో బిగించుకున్నాను. 38 వేలైంది. 20 వేలు యూపీఐలో, మిగతాది చేతికిచ్చాను. బిల్లు లేదు. అనంతగిరి కొండల దగ్గర ఆఫ్‌రోడింగ్ ముగించి టైర్లలో గాలి నింపుతుంటే డ్యాష్‌బోర్డు కింద పొగ లేచి బండి కాలిపోయింది. 20 నెలలైంది. ‘అనుమతి లేని మార్పు’ అంటూ బీమా కంపెనీ 14 నెలల క్రితం క్లెయిమ్ తిరస్కరించింది. తప్పు బండి వైరింగ్‌దేనని షాపువాళ్లు అంటున్నారు. నాన్న రిటైరైన డబ్బుతో కొన్న బండి, ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. కంప్రెసర్‌ను నెల ముందే తీసేసినట్టు గ్యారేజీ నుంచి పాత తేదీతో బిల్లు తెమ్మని ఒక ఏజెంటు చెబుతున్నాడు. యార్డు అద్దె భరించలేక బండిని స్క్రాప్‌కు ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలుంది. నాకు పనికొచ్చింది మీరు జత చేసిన ఒక్క ఫొటో. పని అయ్యాక షాపు కుర్రాడు వాట్సాప్‌లో పంపిన ఆ ఫొటోలో ఫ్యూజు కంప్రెసర్ పక్కనే, డిక్కీలో ఉంది.

హెడ్‌లైటు బల్బు ఒకటి సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటే, చిన్న కంప్రెసరైనా 20, 30 లాగుతుంది. అందుకే దానికి బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేస్తారు. ఫ్యూజు తన తర్వాతి తీగనే కాపాడుతుంది. కాబట్టి దాని చోటు బ్యాటరీ పక్కన. డిక్కీలో పెడితే బానెట్ నుంచి అక్కడిదాకా వచ్చే తీగకు కాపలా ఉండదు. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకులో రంధ్రం చేసి, దాని అంచుకు రబ్బరు వలయం (గ్రోమెట్) వేయకుండా తీగ లాగారనుకోండి. గతుకుల్లో రేకు అంచు తీగ తొడుగును కోస్తుంది, తీగ బాడీకి తగులుతుంది, మంట అక్కడే పుడుతుంది. డిక్కీలో ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు. పొగ ముందు డ్యాష్‌బోర్డు కింద లేచిందని మీరే రాశారు. అలాగే జరిగిందని నేను చెప్పడం లేదు. అది చెప్పగలిగేది ఆ కాలిన బండి, అందులో మిగిలిన రాగి తీగ, కరిగి పూస కట్టిన దాని చివరలు. దాన్నే మీరు తూకానికి అమ్ముతానంటున్నారు!

మీ ప్రతివాదులిద్దరి మాటా చూడండి. మంట కంప్రెసర్ వల్లే వచ్చిందని బీమా కంపెనీ, కాదు బండి వైరింగ్ వల్లని షాపు. రెండూ ఒకేసారి నిజం కాలేవు. మొదటిది నిజమైతే షాపు సేవాలోపం తేలుతుంది, రెండోది నిజమైతే బీమా కంపెనీ తిరస్కరణకు ఆధారం ఉండదు. అందుకే ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో చేర్చాలి. విడివిడిగా వేస్తే ఒకరు రెండోవారి మీదకు నెట్టేసి తప్పుకుంటారు.

ఏజెంటు సలహా సంగతి. కంప్రెసర్‌ను నెల ముందే తీసేస్తే ఆ రోజు టైర్లలో గాలి దేనితో నింపారు? నష్టం అంచనాకు బీమా కంపెనీ పంపిన సర్వేయర్ ఫొటోల్లో అది కనబడుతూనే ఉంటుంది. పాత తేదీ బిల్లు పుట్టించడం ఫోర్జరీ, దాన్ని వాడి డబ్బు అడగడం మోసం. భారతీయ న్యాయ సంహితలో 336, 340, 318 సెక్షన్లు చూసుకోండి. ఇప్పుడు మీరు నష్టపోయిన వినియోగదారు, ఆ కాగితం దాఖలు చేసిన రోజు నిందితుడు. ఆ ఏజెంటు నంబరు తీసేయండి. అతను పంపిన మెసేజీలు మాత్రం తీసేయకండి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. బీమా కంపెనీ మీద తిరస్కరణ తేదీ నుంచి లెక్కిస్తే పది నెలలున్నాయి. షాపు మీద మంట రేగిన రోజు నుంచి లెక్కిస్తే మిగిలింది నాలుగే. బిగించిన రోజు నుంచే లెక్కించాలని వాళ్లు వాదించినా ఆశ్చర్యం లేదు. నోటీసులిస్తూ కూర్చుంటే గడువు పెరగదు. లక్డీకాపూల్‌లో పాలసీదారుల ఫిర్యాదులు వినే బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరికి తిరస్కరణ తర్వాత ఏడాదిలో వెళ్లాల్సింది, దాన్ని దాటేశారు. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకుంది కానీ, దాన్ని నమ్ముకుని ఇంకో నెల పోగొట్టుకోకండి.

‘అనుమతి లేని మార్పు’ అన్న మాటకు అంతగా బెదరనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 పట్టించుకునేది ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నంగా మారాయా అన్నది. కంప్రెసర్ ఆర్‌సీకి ఎక్కే వస్తువు కాదని నా వాదన. పాలసీలోని మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేసే భారం కంపెనీదే. తిరస్కరణ లేఖలో లేని కారణాన్ని తర్వాత తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది కూడా. పాలసీ షరతు కొంత ఉల్లంఘించారని తేలినా, క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో అందులో 75 శాతం వరకు ఇచ్చే దారిని అదే కోర్టు 2010లో అమలేందు సాహూ కేసులో గుర్తించింది. కానీ మీ నిర్లక్ష్యాన్ని మెచ్చుకోలేను. ఎలక్ట్రికల్ ఫిట్టింగులకు మోటారు బీమా పాత టారిఫ్‌లో అదనపు ప్రీమియం విలువ మీద 4 శాతం, అంటే మీకు 1,520 రూపాయలు. అది కట్టి, బిల్లు అడిగి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

ఫిర్యాదు మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, ఈ-జాగృతి పోర్టల్‌లో వేయవచ్చు. పరిధిని చూసేది బండి విలువతో కాదు, మీరు చెల్లించిన ప్రీమియం, షాపుకిచ్చిన మొత్తంతో. అది 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. బండిని పరీక్షకు పంపమని సెక్షన్ 38(2)(సి) కింద, అప్పటిదాకా కదల్చకుండా మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని 38(8) కింద ఫిర్యాదుతో పాటే దరఖాస్తులు పెట్టండి. సర్వేయర్ రిపోర్టు నకలు రాతపూర్వకంగా అడగండి. మంటలార్పడానికి అగ్నిమాపక సిబ్బంది వచ్చుంటే వాళ్ల సర్టిఫికెట్ తెచ్చుకోండి. బిల్లు లేదు కాబట్టి యూపీఐ స్టేట్‌మెంటే మీ రసీదు. ఆ క్యూఆర్ ఎవరి పేరు మీదుందో చూసి, షాపుతో పాటు ఆ మనిషినీ పార్టీ చేయండి. వాట్సాప్ ఫొటో ఉన్న ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. దాని ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేయాలి.

యార్డు అద్దె ఈరోజే కట్టి, రసీదు తీసుకోండి. అదీ నష్టపరిహారంలో అడుగుదాం.