చెరువులో దిగే ముందు

చి. సౌమ్యకు, మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితులూ కలిసి మన ఊరి చెరువులో నీళ్ల మీద అల్లుకున్న గుర్రపు డెక్క కలుపును తీయబోతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమె గొంతులో భయం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. నా సంగతీ అంతే. వారమంతా ఆఫీసులో కూర్చుని ఆదివారం వచ్చి బురదలో దిగుతామనే పిల్లలు ఎక్కడ దొరుకుతారు? కాకపోతే నీకు ఈత రాదు. అందుకే ఈ ఉత్తరంలో కాస్త కోపం కనిపిస్తే ఏమనుకోకు.

కాగితాల పని తేలికే. పంచాయతీకీ ఇరిగేషన్ శాఖ ఏఈకీ (అసిస్టెంట్ ఇంజినీరు) చెరో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. అందరూ ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ వేయించుకోండి. మత్స్యకారుల సొసైటీ పెద్దలను మాత్రం ఇంటికి వెళ్లి అడగాలి. చేపల హక్కు వాళ్లది, తెప్పలు వాళ్లవి, చెరువులో ఎక్కడెంత లోతుందో తెలిసిందీ వాళ్లకే.

ఇక గుంతల సంగతి. ఎండాకాలం శిఖంలో, అంటే చెరువు అడుగు నేలలో, మట్టి కోసం జేసీబీలతో తవ్వేస్తారు. వెనకటి రోజుల్లో రైతులు ఎడ్లబండ్లతో పూడిక తోలుకునేవారు కాబట్టి చెరువు అడుగు పలచగా, సమంగా దిగేది. నీళ్లు వదిలే నీరటికాడికి ప్రతి మూలా తెలిసేది. జేసీబీ గుంత అంచు నిలువుగా ఉంటుంది. మోకాలి లోతులో నడుస్తున్న మనిషి తర్వాతి అడుగుకే మునిగిపోతాడు. పైన డెక్క కప్పేస్తే అది పచ్చిక బయలులా కనిపిస్తుంది. ఆ వేళ్లు కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాడికీ పైకి రావడం కష్టమే. కాబట్టి మోకాలు దాటి ఎవరూ దిగొద్దు. ముందు వెదురు గడ పొడిచి చూసి, తర్వాతే అడుగు వేయాలి. నీళ్లు తగ్గినప్పుడు గుంతల చుట్టూ కర్రలు పాతి ఎర్ర గుడ్డ కట్టండి. గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు, దానికి కట్టిన ముప్పై మీటర్ల నైలాన్ తాడు ఒడ్డున ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. తూము తెరిచి ఉన్న రోజు ఆ దరిదాపులకు పోవద్దు, నీటి లాగుడు పైకి కనపడదు. గంబూట్లు కొన్నారట కదా, వాటిని ఒడ్డు మీద పనికి ఉంచుకోండి. నీళ్లు నిండాయంటే బురదలోంచి కాలు రాదు. నీళ్లలోకి లేసులు బిగించిన పాత కాన్వాస్ బూట్లే మేలు. ఈత రానివాళ్లంతా ఒడ్డునే. అందులో నువ్వూ ఉన్నావు.

ఒడ్డు పని చిన్నదేమీ కాదు. అసలు తప్పు జరిగేది అక్కడే.

చెరువు బాగుచేసే ఊళ్లలో సాధారణంగా జరిగేదేమిటంటే, డెక్కను లాగి నీటి అంచుకు నాలుగడుగుల దూరంలో కుప్ప పోస్తారు. ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నాలుగు రోజులకు పైపొర ఎండి గోధుమరంగుకు తిరిగితే చచ్చిపోయిందనుకుంటారు. జానెడు లోపలికి దంతె గుచ్చి తిప్పి చూడు, అంతా తడి, మొదలు ఇంకా పచ్చి. నాలుగు వానలు పడి నీళ్లు పైకొచ్చాయంటే ఆ కుప్ప కాస్తా తేలి మళ్లీ చెరువులోకే పోతుంది. లాగేటప్పుడు తెగిన ప్రతి పిలకా ఒక మొక్కే. వెచ్చటి నీళ్లకు మురుగు తోడైతే రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. ఈలోగా కుళ్లిన భాగం రసం నీళ్లలోకి దిగి దానికే ఎరువవుతుంది. కొందరు కట్ట లోపలి వాలు మీద పోస్తారు. అప్పుడు రాతి పేర్పు కదిలినా, పందికొక్కులు బొరియలు చేసినా ఎవరికీ కనపడదు. అన్నిటికంటే ఘోరం మత్తడి దగ్గర, అంటే నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లే చోట, పోయడం. వరద వచ్చిన రాత్రి దారి మూసుకుపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టికట్ట దాన్ని తట్టుకోలేదు.

అందుకని తీసింది తీసినట్టు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మేర) హద్దు రాళ్లు దాటించాలి. అక్కడ జానెడు మందానికి మించకుండా పరిచి, వేళ్లు పైకి తిప్పి, ఐదు రోజులకోసారి తిరగేయాలి. దట్టంగా అల్లుకున్న డెక్క గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) విస్తీర్ణానికి రెండు నుంచి నాలుగు టన్నులు తూగుతుంది. అందులో తొంభై పాళ్లకు పైగా నీళ్లే. లాగేవాళ్లు పదిమందైతే మోసేవాళ్లు ఇరవైమంది కావాలి. ట్రాక్టర్ దొరకని రోజు పని పెట్టుకోకండి. ఎకరాలకు ఎకరాలు తీస్తామని ఊళ్లో చెప్పకండి, పూటకు గుంట తీస్తే గొప్పే.

గాలి డెక్కను ఏ ఒడ్డుకు తోస్తుందో చూసి అక్కడే నిలబడండి, సగం పని గాలే చేస్తుంది. శుభ్రం చేసిన మేరకు ఖాళీ డబ్బాలు కట్టిన తాడు అడ్డంగా లాగి రెండు కొసలూ గుంజలకు బిగించండి. లేకపోతే తెల్లారేసరికి మిగతాది వచ్చి చేరుతుంది.

ఏప్రిల్, మే నెలలు దీనికి అనువు. యాసంగికి నీళ్లు వదిలాక చెరువు కుంచించుకుపోయి చాలా డెక్క బురదలో మిగిలిపోతుంది. ఊదా పూలు వాడాక కాడ వంగి నీళ్లలో గింజలు రాలుస్తుంది, అవి బురదలో ఇరవై ఏళ్ల వరకూ బతికుండగలవు. కాబట్టి పూత పట్టిన మేరను ముందు తీయండి. తొలకరికి తడి అంచున వేలెడు మొలకలు లేస్తాయి, వాటిని చేత్తో పీకేయడానికి మళ్లీ రావాలి. ఆ రెండో రాకకు ఎవరూ ఉండరు సౌమ్యా, ఇప్పుడే పేర్లు రాయించుకో. వానాకాలంలో మాత్రం పెద్ద ఎత్తున తీయొద్దు, తేలే ఆకుల మీద జకానా పిట్టలు గుడ్లు పెడతాయి. అంచున ఉన్న తుంగ, జమ్ము మొత్తం కోసేయకండి.

మందు కొడితే ఒక్క రోజులో పోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. చచ్చిన డెక్కంతా ఒక్కసారే అడుగున కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపలు తేలతాయి. అప్పుడు సొసైటీ వాళ్ల ముందు మీరు తలెత్తలేరు.

ఎండినదాన్ని పేడతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, నెలకు రెండుసార్లు తిరగేస్తే మూడు నెలలకు కంపోస్టు అవుతుంది. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చెరువైతే ఆ ఎరువు కూరగాయలకు వద్దు, పశువులకు మేతగానూ వద్దు, డెక్క వేళ్లు సీసం, కాడ్మియం లాంటివి పీల్చుకుంటాయి. కుప్పను వట్టి చేతులతో కదపకండి. లోపల నీరుకట్టె ఉంటే ఫర్వాలేదు, రక్తపింజర ఉంటే? పాము మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందురోజే కనుక్కోండి.

ఇంతా చేసి ఊరి మురుగు కాలువ చెరువులో కలుస్తూనే ఉంటే వచ్చే ఏడాది ఇదే పని. కాలువ కలిసే చోటు ఫొటో తేదీతో సహా తీసి, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. సమాధానం వచ్చేదాకా ప్రతి నెలా ఇవ్వండి. మీ బృందంలో బురదలో దిగడం ఇష్టంలేని వాళ్లుంటే వాళ్లకు సరిపోయే పని ఇదే.

పొద్దున్నే ఖాళీ కడుపుతో పోకు. పదకొండు దాటాక ఎండలో ఎవర్నీ ఉంచకు. పనికి ముందు మత్స్యకారుల్ని కూర్చోబెట్టి గుంతల పటం ఒకటి కాగితం మీద గీయించు. అది నాకు పంపాకే తేదీ ఖాయం చెయ్యి.

మీ మామయ్య