గేజీ పుస్తకంలో రెండు అంకెలు

బిడ్డా,

తుంగభద్ర వరదను ముందుగాల లెక్కగట్టి ఒడ్డు ఊర్లకు ఫోన్ల మెసేజ్ పంపే పని నెత్తికెత్తుకున్నవని అక్క చెప్పింది. రాత్రంత నిద్ర పట్టలే. మా ఇంట్ల నది చదువు చదివే పిల్ల పుట్టిందని సంబురం. అలంపూర్ దిక్కు ఏండ్ల తరబడి నది మట్టం కొలిచే గేజీ పలక చూసి పుస్తకంల రాసినోన్ని గదా, భయం గూడ.

వాన లెక్క, నేల తడి నీకు నేర్పేటంతటోన్ని గాను. డ్యాముల్ల ఎంత ఖాళీ ఉన్నదో మాత్రం పొద్దుగాల లేస్తనే చూడు. సెప్టెంబర్ ఆఖరుకు శానా ఏండ్లు నిండి ఉంటయి, అప్పుడు పడ్డ వానను ఆపే జాగ ఉండదు. 2009ల గట్లనే అయింది, పెద్ద వరదొచ్చింది. అంతకుముందు జూలై, ఆగస్టుల చుక్క లేక చేన్లు ఎండినై. ఆ ఏడు వరద మాట ఎత్తితే నవ్వేటోళ్లు.

ఆ వరదకు ముందు రాత్రి సంగతి ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. నీకు చెప్తున్న.

సాయంత్రం పైనుంచి వచ్చిన తుంగభద్ర డ్యాం లెక్క నన్ను భయపెట్టలే. హగరి, హంద్రి నదులు డ్యాం కిందనే తుంగభద్రల కలుస్తయని నాకు ఎరుకే. వాటి మీద పడే వాన ఆ డ్యాం గేట్లకు ఆగదని గూడ ఎరుకే. అయినా డ్యాం అంకెనే పట్టుకున్న. తొమ్మిదింటికి పోయి గేజీ చూసిన. పన్నెండింటికి గొడుగు తీసిన, వాన జోరు చూసి మళ్ల మూలకు పెట్టిన. తొమ్మిదింటి అంకెకు పది సెంటీమీటర్లు కలిపి పన్నెండుకు రాసిన, ఇంకో పది కలిపి మూడుకు రాసిన. మంచంల కూసోనే.

పక్కింటి పెద్దమ్మ కందిలి పట్టుకొని వచ్చింది. "నాయనా, బర్లను విప్పాల్నా?" అన్నది. "ఏం గాదు, పండుకో పెద్దమ్మా" అన్న. తెల్లారేసరికి గేజీ పలకే కనపడలే. ఆమె కొట్టంల నీళ్ల మీద పలుపు తాడు ఒక్కటే బిగుసుకొని ఉన్నది, కింద గుంజకు కట్టినట్టే. మీ అమ్మమ్మకు రోజూ పాలు వచ్చిన బర్లు అవి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడ్డా పెద్దమ్మ ఒక్క మాట అనలే. "మంచిగున్నవా నాయనా" అనేది, అంతే.

19 లక్షల క్యూసెక్కుల లెక్కకు కట్టిన శ్రీశైలానికే అప్పుడు 25 లక్షలు దాటి వచ్చింది, 885 అడుగుల నిండు మట్టం 896 దాటింది, ఇంజనీర్ల లెక్కలే తప్పినై, నువ్వెంత అని ఓదార్చినోళ్లున్నరు. వాళ్ల లెక్క తప్పింది. నేను లెక్కే చూడలే.

నా అసలు భయం ఇది. ఆ రెండు అంకెలు పుస్తకంల గట్లనే ఉన్నయి. పాత గేజీలన్నీ కంప్యూటర్ల పోస్తే అవి గూడ పోతయి. నది రాత్రంత మెల్లగ పెరిగిందని నీ లెక్క నేర్చుకుంటది. పాత పుస్తకం చేతికొస్తే రాత్రి అంకెలు ముందుగాల చూడు. పది, పది కలుపుకుంట నున్నగ పోతుంటే రాసినోడు ఇల్లు కదలలేదన్నట్టు. నది గట్ల పెరగదు.

మెసేజ్‌ల మీటర్లు, శాతాలు రాయకు. అరవై శాతం అంటే మా ఊర్ల ఎవడూ బర్రెను విప్పడు. రేవుల ఎన్నో మెట్టు మునుగుతదో, ఎన్ని గంటలకో రాయి. నాలుగుసార్లు వరద రాకపోతే తిడ్తరు, పడు.

రాత్రిపూట గేజీ చూడనీకె నువ్వు ఒడ్డుకు పోయినవో, చూడు మరి! కాళ్లిరగ్గొడ్త. ఇంత రాసి ఇదేం మాట అంటవేమో. మనిషిని పెట్టుకో, మంచి టార్చి లైటు ఇయ్యి, వానొచ్చిన రాత్రి రెండింతలు కూలి ఇయ్యి. ఆ గొడుగు మూలకు పోదు.

దసరాకు వస్త. నా చేతిరాత నువ్వు గుర్తుపట్టలేవు, ఆ పేజీ నేనే తీసి చూపిస్త. అక్కతోని ఇప్పుడే అనకు.

మీ మామ