ఎగిరే బిళ్లల గురికి చవకైన పంప్ తుపాకి

ప్రశ్న: టెక్సాస్‌లో గ్రీన్‌కార్డుపై ఉంటున్నాను. ఎగిరే బిళ్లలను కొట్టే ట్రాప్ షూటింగ్ నేర్చుకోవడానికి తక్కువ ధరలో ఏ పంప్ యాక్షన్ షాట్‌గన్ (ముందున్న పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించే తుపాకి) కొనమంటారు?

జవాబు: మాస్‌బర్గ్ సంస్థవారి మావెరిక్ 88ను, 28 అంగుళాల గొట్టం ఉన్న రకంలో తీసుకోండి, పొడవైన గొట్టం ఉంటే, 108 మిల్లీమీటర్ల బిళ్ల వెంట తుపాకి మధ్యలో ఆగిపోకుండా సాఫీగా తిరుగుతుంది. మీది ఎడమచేతివాటమైతే మాత్రం కాస్త ఎక్కువ పెట్టి ఆ సంస్థదే 500 మోడల్ కొనడం మంచిది, ఎందుకంటే దాని సేఫ్టీ మీట (పొరపాటున పేలకుండా ఆపేది) పైభాగాన ఉండి ఏ చేతి బొటనవేలికైనా అందుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది తుపాకి మీ ఒంటి కొలతకు సరిపోవడం. దుకాణంలోనే, తుపాకి ఖాళీగా ఉందని స్వయంగా చూసుకొన్నాక, దాన్ని భుజానికి ఆనించి చెంపను తుపాకి వెనకభాగపు కట్టెకు తాకించండి. కన్ను గొట్టం చివరి పూసతో ఒకే వరుసలోకి రాకపోతే, ఎంత చవకైనా ఆ తుపాకి వద్దు. తూటాలు 12 గేజ్‌లో (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) 8 నంబరు రవ్వలున్న తేలికరకం చాలు.